తిప్పి చూడని తువ్వాల

మా అన్న మంచివాడని ఊరంతా అంటుంది. అననీయండి. ఆయన అబద్ధాన్ని రొట్టెలతో సహా నమిలి మింగినవాణ్ణి నేను. ఊరి మాట నాకెందుకు?

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. అమ్మానాయినలు మా చిన్నప్పుడే పోతే అన్న, అక్క కలిసి చీరలు నేసి నన్ను పట్నంలో వైద్యం చదివించారు. అక్కది ఎడమచేతి వాటం. చీర ఒంటికి అంచు కలిపేటప్పుడు ఆమె వేసే ముడులు అందరివాటికీ ఎదురు దిక్కుకు వాలేవి. మా వీధిలో అట్లాంటి ముడి ఇంకెవరికీ లేదు.

నా చదువు అయ్యే వేళకు అక్కకు మనసు చెదిరింది. కొన్నాళ్లు మామూలుగా ఉండేది. కొన్నాళ్లు ఎవరో పిలుస్తున్నారని తిండి మాని వీధి తలుపు దగ్గరే నిలబడేది. తాయెత్తులు, దర్గాలు, నాటుమందులు అన్నీ అయ్యాయి. అప్పుడే నేను మనసు వైద్యం నేర్చుకోవాలనుకున్నాను. తోటివాళ్లు నవ్వారు. పిచ్చోళ్ల డాక్టరుకు పిల్లనెవరిస్తారన్నారు. ఇవ్వకపోతే మానెయ్యమన్నాను.

ముందు నాగర్‌కర్నూలు దవాఖానలో ఉద్యోగం దొరికింది. బయలుదేరే రోజు అక్క తెలివిగానే ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, నువ్వు నేర్సుకొని వచ్చేదాక నన్ను యాడికీ తోలియ్యొద్దని అన్నకు జెప్పు. ఎవ్వరు లేని తాన ఇడిసిపెడ్తే నన్ను గుర్తుపట్టేటోళ్లెవరు?"

వదిన ముందే అన్న మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టేశాడు. మా ఇళ్లలో అంతకు మించిన ఒట్టు లేదు. మగ్గం మీద చెయ్యి వేసి అబద్ధమాడితే పడుగు తెగుతుందని మాకు చిన్నప్పటి నుంచీ భయం. నేను ధీమాగా పోయాను. ఆ ఉద్యోగంలో సెలవు దొరకలేదు, ఇంటి సంగతులు అన్న రాసే కార్డుల్లోనే తెలిసేవి.

ఏడాది తిరగకముందే నాకు రెండు చోట్ల మనసు వైద్యంలో శిక్షణకు అవకాశం వచ్చింది. ఒకటి పట్నంలో, ఒకటి బెంగళూరులో. పట్నమైతే నెలకోసారి ఇంటికొచ్చి అక్కను చూడొచ్చు. బెంగళూరులో నేర్పేవాళ్లు ఎక్కువ, కొత్త వైద్యాలు ఎక్కువ, కాని ఏడాదిన్నర దాకా సెలవు దొరకదు. అక్క కుదురుగా ఉంటే బెంగళూరు, లేకుంటే పట్నం అనుకున్నాను. ముందైతే పట్నం దవాఖాన చూసొద్దామని పోయాను.

అక్కడి పెద్ద డాక్టరు మర్యాదస్తుడు. ఆవరణంతా తిప్పి చూపించి, చివరకు రోగులు నేసిన గుడ్డలున్న బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. అందులో ఒక తెల్ల తువ్వాల ఉంది, ఎర్ర అంచుతో. ఒంటి పోగునూ అంచు పోగునూ ఒక్కొక్కటే కలిపి ముడేసే పని. చూడగానే తెలిసింది. "ఇది మా గద్వాల పని" అన్నాను. జనానా వార్డులో ఒకామె నేసిందనీ, ఆమె మాట్లాడదు గాని చెయ్యి మాత్రం బంగారమనీ ఆయన ఉర్దూలో చెప్పాడు.

గుడ్డ చేతికి రాగానే నేతగాడు చేసే మొదటి పని తిప్పి చూడటం. ముడులు వెనక కనబడతాయి. నేసిన చెయ్యి ఎట్లాంటిదో అక్కడ తెలుస్తుంది. నా వేళ్లు తిప్పబోయాయి కూడా. కాని నేను కోటు వేసుకొని ఉన్నాను. సంతలో బేరగాడిలా గుడ్డ తిరగేస్తే, ఇంత చదివినా మగ్గం బుద్ధి పోలేదనుకుంటాడని సిగ్గేసింది. మడిచి బల్ల మీద పెట్టేశాను.

తిరిగొచ్చి అన్నకు కార్డు రాశాను. అక్క ఎట్లున్నదో ఉన్నదున్నట్టు రాయి, దాన్నిబట్టే ఎటు పోవాలో తేల్చుకుంటాను అని. వారం లోపలే జవాబొచ్చింది. అక్క బాగున్నది, మగ్గం మీద కూర్చుంటున్నది, బెంగళూరే పో.

అట్లాగే, ఏ రోజు ఏ బండికో అన్నకు రాసి, బెంగళూరు బండెక్కాను. గద్వాలలో దిగి ఒక్కపూట ఉండి పోదామా అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. బండి ఆగేసరికి అన్న మూటతో స్టేషన్లో నిలబడి ఉన్నాడు.

"జొన్నరొట్టెలు. అక్కనే కొట్టింది. నిన్ను సూడనీకి వస్తనన్నది, గీ ఎండల ఎందుకని నేనే తోల్కరాలే."

రొట్టెలు చేతికొచ్చాక మనసు కుదుటపడింది. దిగలేదు. కర్నూలు దాటాక మూట విప్పితే రొట్టెలు అంచులు మాడి ఉన్నాయి. అక్క ఎన్నడూ రొట్టె మాడ్చదు. పాపం, మనసు బాగాలేక మాడ్చిందేమోనని జాలిపడి తిన్నాను, నా తెలివి తగలెయ్య.

ఏడాదిన్నర తర్వాత శిక్షణ ముగించుకొని ఇంటికి వచ్చాను. అక్క మగ్గం మీద ఎవరో కూలిమనిషి కూర్చుని ఉన్నాడు.

"అక్క యాడ?" అన్నాను.

అన్న నా వైపు చూడకుండానే చెప్పాడు. నేను నాగర్‌కర్నూలు పోయిన నాలుగో నెలలోనే, ఎవరి పెండ్లికో నేస్తున్న పట్టుచీర పడుగును అక్క కత్తెరతో అడ్డంగా కోసేసిందట. పట్టు ఇచ్చే షావుకారు ఇంక మీ ఇంటికి పోగు కూడా పంపనన్నాడట. ఆ వారమే అన్న ఆమెను పట్నం తీసుకుపోయి దవాఖానలో వదిలి వచ్చాడు.

"మరి మగ్గం మీద ఒట్టేస్తివి గదనే?"

"మగ్గమే ఆగిపోతుంటే ఇంక ఒట్టేందిరా? నీకు చెప్తే సదువు ఇడిసిపెట్టి వస్తవని చెప్పలే."

"రొట్టెలు ఎవరు కొట్టిన్రు?"

"మీ వదిన."

నా మీద ప్రేమతోనే దాచానని ఆయన ఇప్పటికీ అంటాడు. నిజమే కావచ్చు. నాకు కడుపు మండిపోయింది, ఇంకా మండుతూనే ఉంది. ఆయన ఒక్క ముక్క నిజం రాసి ఉంటే నేను పట్నమే ఎంచుకునేవాణ్ణి. రోజూ పొద్దున అక్క ఉన్న చోటికే పనికి పోయేవాణ్ణి.

మర్నాడు పట్నం పోయాను. అక్క జనానా వార్డు వరండాలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. మాట్లాడదని విన్నాను గదా, నన్ను చూడగానే మాట్లాడింది.

"అప్పుడొచ్చినవ్ గద, కోటేసుకొని. కిటికీలకెల్లి చూసిన. నా తువ్వాల నీ చేతులనే ఉండె."

"పిలవకపోతివి అక్కా?"

"ఈడ మొత్తుకుంటె పిచ్చి లేసిందంటరు, తమ్మీ. పిలుసుడెందుకు, నా ముడి నీకెరుకే గద అనుకున్న. తిప్పి చూస్తవని ఊకున్న."