ఎలెనీ మేడం శుక్రవారాలు

మొన్న ఈ ద్వీప దేశంలో మేముండే బిషాన్ పేటలో, మా బ్లాకు లిఫ్టు తలుపు తెరుచుకోగానే దాల్చినచెక్కా, వెన్నా, కాస్త మాడిన తేనే కలిసిన వాసన గుప్పున తగిలింది. ఎవరింట్లో ఏం కాలుస్తున్నారో తెలియదు. పన్నెండో అంతస్తులో దిగవలసినవాణ్ణి, వాసన కోసం పదిహేను దాకా వెళ్ళి వచ్చాను. అది మా పాత బాసు ఎలెనీ మేడం తెచ్చే రేకు డబ్బా వాసన. అందులో ఉండే మిఠాయి పల్చటి పొరల మధ్య అక్రోటు పొడి కూరి తేనెలో ముంచినది. మన మడత కాజాకు దూరపు చుట్టం.

నన్నెరిగినవాళ్ళు నా మాటల్లో సగం తీసేసి వింటారు. మా ఆవిడ ముప్పాతిక తీసేస్తుంది. ఈ కోతలు కోసే అలవాటు నాకు పుట్టుకతో వచ్చిందే కానీ, దాని మూలంగానే ఎలెనీ మేడం నాకు బాసు కాక మరింకేదో అయింది.

అవి జావా అన్న మాట తడబడకుండా పలికితే చాలు, ఉద్యోగమిచ్చే రోజులు. మా ఆఫీసు ఇక్కడే ఆంగ్ మో కియో అనే పేటలో ఉండేది. మేడం షికాగోలో పుట్టి పెరిగిన గ్రీకు మనిషి. తాతల నాడు అమెరికా వలస వెళ్ళిన కుటుంబం. యాభై దాటిన వయసు, పొట్టి మనిషి, మాట తక్కువ. ఆ ఏడు మా తెలుగు సంఘానికి నేను సాంస్కృతిక కార్యదర్శిని. సంఘమంటే అప్పట్లో ఏముంది, ఒక ఉగాది, గంగాళం పులిహోర, ఒక నాటకం. నాటకంలో రాజు వేషం నాది. రిహార్సళ్ళు శుక్రవారం ఐదింటికి. మూడింటికే ఆఫీసు నుంచి బయటపడాలి. సెలవుల కోసం మా అమ్మమ్మను అప్పటికే రెండుసార్లు చంపేసి ఉన్నాను కనక కొత్త కారణం అల్లవలసి వచ్చింది.

"మా సంఘం తరఫున ఆసుపత్రుల్లో ఉన్న తెలుగు కార్మికుల్ని పలకరించి వస్తుంటాం మేడం. ఇకనుంచి శుక్రవారాలు నా వంతు. మూడింటికే వెళ్ళనిస్తారా?"

ఆవిడ టైపు చేయడం ఆపేసింది. "మీకూ ఉందా అది?" అని కుర్చీ నా వైపు తిప్పింది.

అంతసేపు ఆవిడ మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. షికాగోలో వాళ్ళ చర్చి కింద నేలమాళిగ హాలు, అక్కడ వాళ్ళమ్మ చేరిన గ్రీకు ఆడవాళ్ళ సంఘం. ఏటా జాతర కోసం నెల రోజుల ముందు నుంచీ వేలకొద్దీ మిఠాయిలు చుట్టే చేతులు, శనివారాలు ఏడుస్తూ వెళ్ళే గ్రీకు బడి, బిగుతు జాకెట్లు తొడిగి పిల్లల చేత వేయించే వలయాకారపు నాట్యాలు. జాతరలో వచ్చిన డబ్బు బీద పిల్లల చదువులకూ, దిక్కులేని ముసలివాళ్ళకూ వెళ్ళేది.

"కానీ మొదట్లో మిఠాయిలు లేవు, డాన్సులు లేవు," అంది మేడం. "మా తాత రోజుల్లో రైలు పట్టాలేసే గ్రీకు కూలీ ఎవరైనా పోతే, తన భాషలో నాలుగు ప్రార్థనలు చదివి పాతిపెట్టే దిక్కుండేది కాదు. అందుకని సంఘం పెట్టారు. బతికున్నవాళ్ళను చూసే పని తరవాత వచ్చింది. డాన్సులు అన్నిటికన్నా ఆఖర్న. మీది?"

"మాది... డాన్సులతో మొదలైంది మేడం."

"పర్వాలేదు. అటునుంచి కూడా రావచ్చు. వచ్చే శుక్రవారం నేనూ వస్తాను."

ఉద్యోగం ఊడితే దాంతోపాటు ఈ దేశంలో ఉండనిచ్చే పాసూ ఊడుతుంది. బయటికొచ్చి మా సంఘం అధ్యక్షుడు సుబ్బారావు అంకుల్‌కు ఫోన్ చేశాను.

"అంకుల్, మనకి అర్జెంటుగా ఒక రోగి కావాలి."

"ఒంట్లో బాగుందా నీకు?"

"బాగానే ఉంది, అదే వచ్చిన చిక్కు. తెలుగు రోగి కావాలి. శుక్రవారం లోపల."

"సిగ్గులేదూ! నాటకానికి కిరీటం దొరకలేదని నేనేడుస్తుంటే నీకు రోగులు కావాలా?" అని తిట్టిన ఆయనే, మర్నాడు వాకబు చేసి ఒక పేరు చెప్పాడు. సింహాచలం. శ్రీకాకుళం సముద్రపొడ్డు మనిషి. షిప్‌యార్డులో పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

శుక్రవారం వార్డు గుమ్మంలో మేడం చేతిగడియారం విప్పి సంచీలో వేసుకుని నా చేతి వంక చూసింది. నేనూ విప్పాను. "రోగి దగ్గర గడియారం చూడటం మా అమ్మ వాళ్ళ సంఘంలో నేరం. నిలబడి పలకరించడం ఇంకా పెద్ద నేరం," అంటూ రెండు కుర్చీలు లాక్కొచ్చింది.

"అంకుల్ వెరీ స్టబ్బర్న్ లా," అంది నర్సు సింహాచలం మంచం వైపు చూపిస్తూ, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. ఎముక సరిచేసే ఆపరేషన్‌కు రెండు రోజులుగా సంతకం పెట్టడం లేదట. భారతీయుడే కదా అని ఆసుపత్రివాళ్ళు తమిళం తెలిసినాయన్ను పిలిపించారు. ఇతను మర్యాదకు అన్నిటికీ తలూపి, కాగితం ముందుకు రాగానే చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు. ఇంకా జాగు చేస్తే కాలికే ముప్పన్నాడు డాక్టరు.

"తెలుగోళ్ళేనా బాబూ?" సింహాచలం మోచేతుల మీద లేచాడు. "ఈళ్ళు నా కాలు తీసేత్తారు బాబూ. పక్క మంచం ఆయన ఇలాటి కాయితం మీదే సంతకం ఎట్టేడు. తెల్లారేతలికి మోకాలి కింద ఏటీ నేదు."

"ఛ, ఊరుకో! ఈ డాక్టరెవరనుకున్నావ్? ఆసియా మొత్తానికి నంబర్ వన్. మొన్నే ఒక మంత్రిగారి కాలు అతికిస్తే ఆయన మర్నాడే ఫుట్‌బాల్ ఆడాడు. నెల తిరక్కుండా నువ్వు పరుగెడతావు."

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఎల్లండి బాబూ. మా ఊరొచ్చిన ఏజెంటు కూడా ఇంత బాగానే సెప్పేడు."

మేడానికి తెలుగు రాదు, కానీ ఆ తిరిగిన మొహం అర్థమైంది. "ఏం చెప్పావు?" అని అడిగింది. చెప్పాను. తిట్టలేదు. "డాక్టరు అన్నది మాత్రం చెప్పు. నీ మాట ఒక్కటీ కలపకు."

"భయపడతాడు మేడం."

"భయం అతనిది. అతనికే వదిలెయ్."

కాగితం తీసుకుని ఒక్కొక్క వరుసా తెలుగులో చదివాను. లోపల కడ్డీ వేస్తారు, కాలు తీయరు. ఆలస్యమైతే తీయవలసి రావచ్చు. కుంటు మిగలవచ్చు. ఇంత చప్పగా నా జీవితంలో ఎన్నడూ మాట్లాడి ఎరగను. అంతా విని అతను ఒక్కటే అడిగాడు: "మళ్ళీ తెప్ప ఎక్కగల్నా? అది కుదరపోతే ఊరెళ్ళి ఏటి సేత్తాను?"

డాక్టరును అడిగాను. ఇప్పుడే చెప్పలేనన్నాడు. నా నాలుక చివర 'భేషుగ్గా ఎక్కుతావు' అన్న మాట సిద్ధంగా ఉంది. మింగాను. "చెప్పలేనంటున్నాడు," అన్నాను.

సింహాచలం మెల్లగా ఇటు తిరిగి డాక్టరును ఎగాదిగా చూశాడు. "సెప్పలేనన్నాడా? అయితే ఈ బాబు తెలిసిందే సెప్తన్నాడు. ఇలా తెండి కాయితం."

ఆ సాయంత్రం రిహార్సల్లో రాజు లేకుండానే మా సభ నడిచింది. సుబ్బారావు అంకుల్ నన్ను వారం రోజులు తిట్టాడు.

బస్సు కోసం నిలబడినప్పుడు మేడం అడిగింది: "వచ్చే శుక్రవారం నీకు జతగా ఎవరు?"

"ఎవరూ లేరు మేడం. అసలు వంతులే లేవు. అబద్ధం చెప్పాను."

"తెలుసు. నిజంగా వెళ్ళేవాళ్ళు రోగి ఏం తింటాడో అడుగుతారు. నువ్వు మూడింటికే వెళ్ళనిస్తారా అని అడిగావు."

"మరెందుకు వచ్చారు?"

"వెతికితే నీ అబద్ధానికి కూడా ఒక రోగి దొరుకుతాడని," అంది నవ్వకుండా.

సోమవారానికల్లా మా సంఘం నోటీసు బోర్డు మీద వంతుల పట్టిక వెలిసింది. వారానికి ఇద్దరి పేర్లు. మొదటి జత నేనూ, నన్ను తిట్టిన సుబ్బారావు అంకులూ. ఆ తరవాత రెండేళ్ళకు ఐటీ గాలి తిరిగింది, మా ఆఫీసు మూతపడింది, మేడం షికాగో వెళ్ళిపోయింది. కొత్త సంవత్సరానికి కార్డులు వచ్చేవి. ఒక ఏడు వాళ్ళమ్మాయి చేతిరాతతో వచ్చింది, ఆవిడ పోయిందని. పట్టిక మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. దాని పేరు చెప్పి ఆఫీసుల్లో సెలవు కొట్టేసేవాళ్ళూ తయారయ్యారు. వాళ్ళను నేను ఇట్టే పట్టేస్తాను.

సింహాచలం కాలు దక్కింది, కుంటు మిగిలింది. వానాకాలానికి ముందే ఊరికి పంపించారు. అతను మళ్ళీ తెప్ప ఎక్కాడనీ, మొదటి రోజే పడవంత చేపను పట్టాడనీ ఎన్నో విందుల్లో చెప్పాను, జనం చప్పట్లు కూడా కొట్టారు. మేడం గురించి రాస్తూ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎక్కాడో లేదో నాకు తెలియదు.