మెట్లెక్కిన మేకలు

నా చిన్నప్పుడు మా ఊరి పాదిరిగారి బంగళా మెట్ల మీద పులి-మేక ఆట గీతలు ఉండేవి. పోయినేడు బంగళా బాగుచేస్తూ వాటి మీద గ్రానైట్ పలకలు పరిచేశారు. ఇది తప్పు. పాత కట్టడాన్ని కాపాడుతున్నామని గేటుకి బోర్డు కూడా తగిలించుకున్నారు. అది ఇంకో తప్పు.

అవి పిల్లల పిచ్చిగీతలని చర్చి కమిటీ పెద్దాయన నాతో అన్నారు. కావు. గీసింది సాక్షాత్తూ అప్పటి అయ్యగారు. పాస్టరుగారిని మా వైపు అయ్యగారనే అంటాం. గీయించింది మా తాతయ్య మొండితనం.

మా తాతయ్య కొబ్బరి దింపు తీసేవాడు. ఎంత ఎత్తు చెట్టయినా కాళ్ళకి తాడు తగిలించుకుని ఉడతలా పాకిపోయేవాడు. అంతటి మనిషి, పెద్దిళ్ళ మెట్లు మాత్రం ఎక్కేవాడు కాదు. ఎక్కనివ్వని కాలంలో పుట్టాడు. ఎక్కమన్నా కాలు లేచేది కాదు. బంగళా తోటలో పనికి నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు. వరండాలో అద్దాల బీరువా నిండా పుస్తకాలు, దాని చుట్టూ చదువుకునే పిల్లలు. నా ప్రాణమంతా ఆ బీరువా మీదే. అయ్యగారు రమ్మంటే నేను కాలెత్తేవాణ్ణి, తాతయ్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగేవాడు. మాకు కిందే బాగుంటదండి బాబూ అని దండం పెట్టేవాడు.

అయ్యగారు వాదించలేదు, బోధించలేదు. పులి-మేక ముందు తాతయ్యకి అన్నం కూడా అక్కర్లేదని ఆయనకెవరో చెప్పినట్టున్నారు. ఒకరోజు మేం వెళ్ళేసరికి ఆయన కింది మెట్టు మీద మేకుతో గీతలు గీస్తూ కూర్చున్నారు. పులులు గులకరాళ్ళు, మేకలు చింతగింజలు. తాతయ్య నేల మీదే గొంతుక్కూర్చుని, తన మేకలతో ఆయన పులులన్నిటినీ కదలకుండా కట్టేశాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఆ గెలుపు తప్ప వేరే మాట లేదు.

మర్నాడు కింది మెట్టు మీద ఎండ పడుతోందంటూ అయ్యగారు పై మెట్టుకి జరిగారు. అక్కడా గీతలు సిద్ధంగా ఉన్నాయి. ఆ పై రోజు ఆ పై మెట్టు. ఆటలో ఉన్న మనిషికి తనెక్కడ కూర్చున్నాడో పట్టదు కదా. ఎండ ఎక్కినకొద్దీ ఆటా ఎక్కింది.

ఓ మధ్యాహ్నం ఆఖరి పులిని కట్టేసి తాతయ్య తలెత్తాడు. వెనక అద్దాల బీరువా. కింద, మెట్ల మొదట్లో, తన తాడూ కత్తీ. అలవాటుగా చెయ్యి నా చొక్కా మీదికి పోయింది, ఇక లాక్కుపోతాడనే అనుకున్నాను.

"ఆయ్, నన్ను ఎక్కించేశారేంటండి" అన్నాడు.

"నేనెక్కడ ఎక్కించానయ్యా, నీ మేకలే ఎక్కాయి" అన్నారు అయ్యగారు.

తలుపు వెనక అమ్మగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. తాతయ్యకీ నవ్వొచ్చింది. నా చొక్కా వదిలేసి, పోయి చూసుకోరా అన్నాడు.

నేను బడికెళ్ళింది తక్కువ. చదివిందంతా ఆ బీరువా దగ్గర మొదలైందే. మొండివాణ్ణి కదిలించాలంటే ముందు వాణ్ణి గెలవనివ్వాలని కూడా అక్కడే నేర్చుకున్నాను. కాలవ నీళ్ళ తగువుల్లో ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో.

గ్రానైట్ దగ్గర మాత్రం ఆ సంగతి నాకే గుర్తురాలేదు. పలకలు తీసేదాకా బంగళా మెట్టెక్కనని గేటు దగ్గర నలుగురూ వినేలా అనేశాను. కమిటీకి ఉత్తరాలు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. చివరికి మొన్న, ఈ మధ్యే వచ్చిన కుర్ర అయ్యగారు స్కూటరు మీద మా ఇంటికే వచ్చారు. గోళ్ళ నిండా సిమెంటు.

"తాతగారూ, కింది మెట్టు పలక తీయించానండి. గీతల్లో సిమెంటు దిగిపోతే నేనే కూర్చుని మేకుతో గీకాను, బాగానే ఉన్నాయి. ఆట మాత్రం నాకు రాదండి. మీరొచ్చి నేర్పాలి. పైకి ఎక్కొద్దులెండి, కింది మెట్టు దగ్గరే కూర్చుందాం. మీరు గెలిచినప్పుడల్లా పై మెట్టు పలక ఒకటి తీయిస్తాను."