పెట్టెలో హంసలు

గద్వాలలో మా పక్కిల్లు నవనీతది. అందరి ఇళ్లలో మగ్గం ఉండే ముందరి గదిలో వాళ్లింట్లో కంప్యూటర్ ఉంది. మామూలుది కాదట, సర్వర్ అంటారు. ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన పాతదాన్ని తెచ్చుకుంది. మా వీధి నేతవాళ్ల అంచులు, కొంగులు, బుటాలు అన్నీ అందులోనే దాచుకుంటారు. పగలూ రాత్రీ సన్నగా మూలుగుతూనే ఉంటుంది. ఇదెందుకు నిద్రపోదు, దీని కడుపులో ఏముంది అని నేను అడగని రోజు లేదు. నవనీత విసుక్కోకుండా చెబుతుంది. కోడలిగా వచ్చిన కొత్తలో గళ్ల కాగితం మీద రంగులు నింపుతూ కూర్చునేది. తర్వాత వనపర్తికి బస్సులో పోయివస్తూ కంప్యూటర్ నేర్చుకుంది. ఇప్పుడు బొమ్మను గడిగడిగా తెర మీద పోసి, మగ్గానికి బొమ్మ చెప్పే చిల్లుల అట్టలు కొట్టేవాళ్ల దగ్గరికి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోతుంది.

ఆమె మామ బాలస్వామి పాత నేతగాడు. షుగర్ ఆయన చూపు తినేసింది. పోయిన చలికాలమంతా కోడలి పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక కొంగు చెప్పాడు. ఇక్కడ జరీ, పక్కన ఎరుపు, ఇక మెడ వంచు అని ఆయన అంటుంటే ఆమె ఒక్కొక్క గడీ నింపింది. నీళ్ల మీద బారుగా పోయే హంసలు. అవి వింటుంటే నాకు పొయ్యి మీది కూర గుర్తుండేది కాదు. జూరాల డ్యాం నీళ్లు మెల్లగా మా వీధిలోకి వచ్చి, గడపల కింద కదులుతున్నట్టుండేది. ఆ హంసలు ఏ కాగితం మీదా లేవు. ఆ పెట్టెలో తప్ప మరెక్కడా లేవు.

దసరాకు మగ్గాలతో పాటు సర్వర్‌ను కూడా ఆపి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. మరునాడు పొద్దున నవనీత మీట నొక్కితే ఫ్యాన్ తిరిగింది గాని తెర నల్లగానే ఉండిపోయింది. దాని మీద ఒక్క వరుస తెల్లని అక్షరాలు. ఏమంటోందని అడిగాను. తనను లేపేది దొరకలేదంటోందని చెప్పింది. వీధిలో మగ్గాలింకా మొదలుకాలేదు. ఆ నిశ్శబ్దంలో బాలస్వామి గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"హంసలున్నయా బిడ్డా?"

"చూస్తున్న మామా."

ఆమె మూత విప్పింది. లోపల అరచేయంత ఇనుప డబ్బా, అదే హార్డ్‌డిస్క్. బొమ్మలన్నీ అందులోనే. తీగలు ఊడదీసి మళ్లీ గట్టిగా బిగించింది. చెవి ఆనించి వింది. తిరుగుతోంది. మళ్లీ మీట నొక్కితే అదే తెల్ల వరుస. ఈసారి మొదట్లోనే ఏదో మీట పట్టుకుంటే నీలం తెర తెరుచుకుంది, వేకువ జామున మబ్బులా. అందులో వెతికి గట్టిగా ఊపిరి వదిలింది.

"డిస్కు పేరుంది పెద్దమ్మా. బతికే ఉంది. మరెందుకు లేస్తలేదో."

ఆ కింద వరుసల్లో ఏం రాసి ఉందని నేను ఊరుకోక అడిగాను.

"లేవంగనే ఎవరి దగ్గరికి పోవాల్నో చెప్పే వరుస. పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటే ముందుగాల దాని దగ్గరికి పోతది. ఆడ లేపేటిది లేకుంటే ఆడనే నిలబడ్తది. పెన్‌డ్రైవ్ లేకుంటే..."

మాట ఆపేసి, పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి, వాడిన దండ పక్కకు జరిపింది. అక్కడుంది పెన్‌డ్రైవ్, కుంకుమ బొట్టుతో సహా.

"నేనే పెట్టిన," అన్నాడు బాలస్వామి నింపాదిగా. "నువ్వు బొమ్మలు మోసుకపోయే నాడె గదే గద. పూజనాడు నాడె మగ్గంలనే ఉండాలె. బయట పడేస్తరా?"

పేక నూలును అటూ ఇటూ మోసే నాడెను పండుగనాడు మగ్గం నుంచి వేరు చేయకపోవడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. కళ్లు లేకున్నా తడుముకుంటూ దాని చోటు వెతికి పట్టుకున్నాడు.

"నీ చేతులు జర ఊకుండవు గద, బాలస్వామీ," అన్నాను.

"ఊకుంటే నేతగాన్నెట్లయిత వదినే?"

నవనీత దాన్ని పీకేసి, వరుసలో డిస్కును ముందుకు జరిపి, మళ్లీ మీట నొక్కింది. తెర తెల్లవారింది. హంసలు ఒక్కొక్కటే నీళ్ల మీదికి వచ్చాయి. మామ చెయ్యి పట్టుకుని, అన్నీ ఉన్నాయని చెప్పింది. ఆయన తెర వైపు కాక కిటికీ వైపు ముఖం తిప్పి, వేలితో గాలిలో ఒక మెడ వంపు గీశాడు.

ఆ పూటే ఆమె హంసలకు ఇంకో పెన్‌డ్రైవ్‌లో నకలు తీసి, అది తమ ఇంట్లోనే ఉంటే లాభం లేదని, మా ఇంట్లో దాచమని ఇచ్చింది. పట్టుబట్టలో చుట్టి బీరువాలో చీరల మధ్య పెట్టాను. ఇప్పుడు బాలస్వామి రోజూ గోడ అవతల నుంచి పిలుస్తాడు.

"వదినే, ఉన్నయా?"

"ఉన్నయి. నా చీరలన్ని తడిపి పెడుతున్నయి," అంటాను.

నవ్వుకుంటూ లోపలికి పోతాడు. ఆయన అటు పోగానే బీరువా తెరిచి ఒకసారి చూసుకుంటాను.