పెరట్లో వెయ్యని పంట

ప్రొద్దుటూరులో మా బట్టలు ఉతికే ఆయన గంజి విషయంలో మహా ఉదారుడు. ఆయన ఇస్త్రీ చేసిచ్చిన పంచె కట్టుకుంటే, కూర్చోవాలన్నా దాని అనుమతి కావాలి. మన రాష్ట్రం పేరుకు ప్రదేశ్ చేరిన కొత్తల్లో, ఒక ఆదివారం అలాంటి పంచెలోనే నిలబడి మా మామ కోసం ఎదురుచూశాను.

నా భార్య కాన్పుకని పులివెందులలో పుట్టింటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు ఐదో నెల రాగానే ఇద్దరినీ పంపాలి. పంపేముందు ఒకసారి ఇల్లు చూసి పోతానని మామ కబురు పెట్టాడు. నేను గోడలకు సున్నం కొట్టించి, ఉయ్యాల కొక్కేలకు నూనె రాశాను. పెరటి జోలికి పోలేదు. వానాకాలమంతా అదీ నా జోలికి రాలేదు. ఉమ్మెత్త, ఉత్తరేణి, జిల్లేడు నడుము దాటి పెరిగాయి. సొంతిల్లున్నవాడు పెరడు ఎందుకు బాగు చేయించుకోవాలో బి.ఏ.లో చెప్పలేదు. నేను దాన్ని పచ్చదనం అనుకున్నాను.

మామ సేద్యగాడు. సున్నం వైపు చూడకుండా నేరుగా పోయి వెనక తలుపు తీశాడు.

"ఏం పంట ఏసినావప్పా?"

"ఏమీ వెయ్యలేదు మామా. అదే వచ్చింది."

"శానా బాగా వచ్చిండాది. బిడ్డకు నీళ్లు యాడ పోస్తారు?"

బావి పక్కన బండ ఉంది. ఉందని చెప్పడం తేలికే, చూపించడమే కష్టమైంది. మామ చేతికర్రతో దారి చేసుకుంటూ ముందు నడిచాడు. ఉత్తరేణి గింజలు ఇద్దరి పంచెలకూ సమానంగా అంటుకున్నాయి.

బండ మీద పాము కుబుసం ఉంది. తల నుంచి తోక దాకా ఎక్కడా చిరగలేదు.

"పాతది మామా. అది ఎప్పుడో పోయుంటుంది."

మామ దాన్ని కర్రతో ఎత్తి, వేళ్లతో నలిపి చూశాడు. ఇంకా మెత్తగానే ఉంది.

"యాడికి పోయింది?"

పోవడానికి మా పెరట్లో చోటుకు కొదవ లేదు.

మామ కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, పంచెకు అంటిన గింజలు ఒక్కొక్కటే పీకి తిన్నె మీద కుప్ప పెట్టాడు. ఉయ్యాల మాట ఎత్తలేదు. బస్సు దాకా వెంట పోయి, ఆయన ఎక్కుతుండగా అడిగాను.

"మంచిరోజు ఎప్పుడు పెట్టుకుందాం మామా?"

"కొడవలి పట్టేది నేర్చుకున్నాక జాబు రాయప్పా. అంతదాకా బిడ్డ మాకాడనే ఉంటాది."