చిన్నమ్మ ఎక్కిన విమానం

మొన్న మా కర్నూలు ఇంటి పక్కనున్న పెద్దాయన కువైట్‌లోని కొడుకు దగ్గరికి పోవడానికి టికెట్లు తీసుకుని, ఫోను నా చేతిలో పెట్టాడు. “చూడప్పా, హైదరాబాదు నుంచి పోయేటప్పుడు రెండు గంటల చిల్లర. వచ్చేటప్పుడు ఆరున్నర పైనే. ఎదురుగాలి అంత ఉంటుందా?” అన్నాడు. నవ్వి, గాలి కాదు, అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక, ఎటు పోయినా గాలిలో ఉండేది నాలుగు గంటల పైమాటే అని చెప్పాను. చెబుతుండగానే నా నవ్వు ఆగిపోయింది.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసేది. కొన్నేళ్ల కిందట వేంపల్లె దగ్గర మా ఊళ్లో మా అవ్వ, అమ్మను కన్న తల్లి, చనిపోయినప్పుడు ఫోను చేసి, “రాత్రి ఒంటిగంటకు ఎక్కుతాండా. నాలుగు గంటల దారే. నేనొచ్చి అమ్మ ముఖం చూసేదాకా ఎత్తొద్దండి” అని ఏడ్చింది. ఇంట్లో చదువుకున్నవాణ్ణని లెక్క నన్నే వేయమన్నారు. ఒంటిగంటకు నాలుగు కలిపి, తెల్లవారి అయిదుకు హైదరాబాదులో దిగుతుంది, కారులో మధ్యాహ్నానికల్లా ఇక్కడుంటుంది అని ధీమాగా చెప్పాను. దిగాక ఆమె ఫోను పనిచేయలేదు. మే నెల ఎండ. ఐస్‌పెట్టె కింద నీళ్లు కారుతున్నాయి. పాస్టరుగారు రెండుసార్లు నా వైపు చూశారు. మధ్యాహ్నం దాటినా కారు రాలేదు. “ఇంకేం వస్తుంది, ఎత్తండి” అన్నది నేనే.

సమాధి మీద మట్టి సర్దుతుండగా చిన్నమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో మల్లెపూల పొట్లం. “అయిదుకే దిగినదానివి, యాడ తిరిగొస్తాండావు?” అని మా మేనమామ అందరిముందూ గద్దించాడు. ఎవరో బంగారం అంగడికి పోయుంటుందిలే అన్నారు. ఆమె పొట్లం విప్పి ఆ మట్టి మీద పూలు చల్లింది. ఆ మాట మా పెళ్లిళ్లలోనూ విందుల్లోనూ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆమె చెప్పిన ఒంటిగంట కువైట్ గడియారానిది; ఆరోజు ఆమె దిగింది అయిదుకు కాదు, మన ఏడున్నరకు. తప్పింది నా లెక్క. బంధువులందరికీ ఇది తెలియాలనే రాస్తున్నాను.

ఇది రాయకముందే, ఇప్పుడు ఆమె ఉంటున్న వేంపల్లె పోయి ఆమెకే చెప్పాను.

“అట్లనా అబ్బోడా? దిగినప్పుడు నా చేతి గడియారంలోనూ అయిదే ఉండె. కర్నూల్లో పూలకని కారు ఆపిచ్చినా. అమ్మకు మల్లెలంటే శానా ఇష్టం గదా. ఆడ ఆపకపోయుంటే ముఖం దొరికేదేమో అని...” అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“లేదు చిన్నమ్మా. ఆపకున్నా దొరికేది కాదు. ఆగాల్సింది మేము” అన్నాను.

ఊళ్లోవాళ్లు ఆమె మీద వేసిన గంటలను నేను తుడిచేయగలనేమో గానీ, పూలు కొనడానికి పట్టిన ఆ కాసేపటిని ఆమె ఇన్నేళ్లుగా తనలో తాను లెక్కపెట్టుకుంటూ ఉందని నాకు అప్పుడు తెలిసింది.