మూడో పాటలోని ఊపిరి

పారిస్ పొలిమేరలోని రికార్డుల ఫ్యాక్టరీలో సొలాంజ్ పని వినడం. అచ్చు మర నుంచి వచ్చే ప్రతి నూరో రికార్డునూ గాజు గదిలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విని, చీటీ మీద తన నంబరు పన్నెండు వేయాలి. అది పడితేనే పెట్టెలు గేటు దాటేవి. ఇరవై రెండేళ్లుగా అంతే.

రెమి కాస్తెల్ ఆల్బమ్ ఆమెకు కంఠతా వచ్చు. గిటారు ఒక్కటే తోడుగా, వంటింట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు పాడతాడతను. మూడో పాటలో చివరి చరణానికి ముందు గిటారు ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో అతను ఊపిరి పీల్చుకుంటాడు, చన్నీళ్లలోకి దిగబోయే మనిషిలా. సొలాంజ్‌కి పాటంతా ఆ ఊపిరి కోసమే.

1966 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఆ ఊపిరి వినిపించలేదు.

సూదిని వెనక్కి జరిపింది. గిటారు ఆగింది. మంచు కురిసిన వీధిలా అంతా ఖాళీ. లోపం రికార్డులో ఉంటే మర ఆపించాలి. చెవిలో ఉంటే? కిందటేడు చెవి మందగించిందని పదిహేడో నంబరావిడను కవర్లు అతికించే బల్ల దగ్గరికి పంపేశారు. అక్కడ యంత్రాల రొద తప్ప పాటన్నదే ఉండదు.

పక్క గదిలోని ఉగెట్‌ను సైగ చేసి పిలిచింది.

"ఒసేయ్, ఇది కాస్త విను."

"పొద్దున్నే కాస్తెల్ పాటా! మా ఆయనకు చెప్పకు," అంటూ ఉగెట్ రెండో హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. "ఏముందిందులో? చెవుల్లో జున్ను కూరుకున్నావా ఏంటి?"

"నోర్మూసుకుని వినవే."

సొలాంజ్ ఉగెట్ ముఖాన్నే చూస్తూ కూర్చుంది. గిటారు ఆగింది. ఉగెట్ కళ్లు మూసుకుంది. తనకు తెలియకుండానే పెదాలు విడివడ్డాయి, భుజాలు పైకి లేచాయి. గాయకుడితో పాటు తనూ ఊపిరి పీల్చుకుంది.

లోపం రికార్డులో లేదు.

"శుభ్రంగా ఉందే! నీకేమైనా తేడా కొట్టిందా?"

గాజుకు అవతల ఫోర్‌మన్ మెస్యె తార్దివ్ చీటీల కోసం వస్తున్నాడు. పన్నెండు వేస్తే ఎవరికీ తెలియదు. రేపూ తెలియదు. ఎల్లుండి ఏదో గీతపడ్డ రికార్డు తన నంబరుతో ఎవరింటికో వెళ్లి, సరిగ్గా ఆ ఊపిరి దగ్గరే టక్కుమంటుంది.

సొలాంజ్ చీటీ మీద "బాగుంది" అని రాసి, కింద తొమ్మిది వేసింది.

"అది నా నంబరు కదే!"

"విన్నది నువ్వేగా, నాకు వినపడలేదు," అంది సొలాంజ్. తార్దివ్ తలుపు తట్టకముందే లేచి, చీటీతో తనే ఎదురెళ్లింది.