కళ్ళు మూసుకోని మాస్టారు

సర్కారు బడిలో ఆయన చెప్పేది సాంఘిక శాస్త్రం, కానీ అందరికీ ఆయన ప్రార్థన మాస్టారే. రోజూ పొద్దున చెప్పులు విడిచి మెట్టెక్కుతాడు, జేబురుమాలుతో మైకు తుడుస్తాడు, రెండు వేళ్ళతో తట్టి "కళ్ళు మూసుకోండి" అంటాడు. తను మాత్రం మూసుకోడు. పెదాలు దేవుణ్ణి పిలుస్తుంటే కళ్ళు వరుసల వెంట దొంగని వెతుకుతాయి. ఐదో తరగతి పిల్ల ఒకతి నోరు మెదపడం లేదని ఆ కళ్ళే కనిపెట్టాయి. వాళ్ళింటి దేవుడు వేరు. బస్సు డ్రైవరైన తండ్రి వచ్చి, "పాపని ఊరికే నిలబడనివ్వండి సార్" అని బతిమాలితే, "నాలుగు ముక్కలు పాడితే మీ దేవుడేం అలగడులే" అని పంపేశాడు. మర్నాటి నుంచి ఆ పిల్లని మెట్టు ముందు, ఎండలో నిలబెట్టాడు.

నిన్న పాట మధ్యలో ఆ పిల్ల కళ్ళు తిరిగి బోర్లా పడింది. మాస్టారు చూశాడు. నాటకమనుకుని గొంతు ఇంకాస్త పెంచాడు. వెనక పిల్లలు చప్పుడు విని కూడా, దెబ్బలకు భయపడి కళ్ళు తెరవలేదు. ఆఖరి చరణం అయ్యాకే పిల్లని లేవదీశారు. పెదవి చిట్లి గౌను ముందంతా నెత్తురు.

"దేవుడి పాట మధ్యలో ఆపకూడదండీ," అన్నాడు మాస్టారు, పరిగెత్తుకొచ్చిన తండ్రితో. "అయినా మిగతా పిల్లల క్రమశిక్షణ చూడాలి. ఒక్కరు కళ్ళు తెరిస్తే ఒట్టు."

"పిల్లల సంగతి సరే," అన్నాడు తండ్రి, కూతురి మూతి తుడుస్తూ. "మీరు మూసుకోరటగా. పాప చెప్పింది."

ఈ పొద్దున మాస్టారు మళ్ళీ చెప్పులు విడిచాడు, మైకు తుడిచాడు, తట్టాడు.

"కళ్ళు తిరిగేవాళ్ళెవరైనా ఉంటే ముందురోజే చెప్పాలి. ఇక కళ్ళు మూసుకోండి."